ఇంటి వైఫై ఎన్‌క్రిప్షన్

ఇంట్లోని రూటరుకూ, దాని మీద నడిచే ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, టీవీలకూ మధ్య గాలిలో పోయే సమాచారాన్ని దారిలో పట్టుకున్నవాళ్లకు అర్థం కాకుండా మార్చే ఏర్పాటును వైఫై ఎన్‌క్రిప్షన్ అంటారు. గుప్తీకరణ, సంకేతీకరణ అనే మాటలు పుస్తకాల్లో ఉన్నాయి గానీ, వైఫై పెట్టించుకునే ఇంట్లో వినపడేది ‘పాస్‌వర్డ్’ ఒక్కటే. ఆ రెండూ ఒకటి కావు. పాస్‌వర్డ్ మనం పెట్టేది. దాని నుంచి రూటరూ ఫోనూ తయారుచేసుకునే తాళంచెవులతో నడిచేది ఎన్‌క్రిప్షన్. 1997 నుంచి ఇప్పటిదాకా నాలుగు పద్ధతులు వచ్చాయి: వెప్, డబ్ల్యూపీఏ, డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3. ఈ చరిత్రంతా తిరగేస్తే అసలు గూఢలిపి ఓడిపోయిన సందర్భాలు తక్కువే. తాళంచెవిని తయారుచేయడంలో, వాడడంలో, చేతికివ్వడంలో జరిగిన పొరపాట్లే ఎక్కువ.

గోడ దాటే మాట

వైరులో పోయే సమాచారాన్ని వినాలంటే ఆ వైరు దాకా రావాలి. వైఫై అలా కాదు, అది రేడియో. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం ఇటుక గోడ దాటి పక్క ఫ్లాటులోకీ, మెట్ల మీదికీ, కింద బండ్లు ఆపే చోటికీ పోతుంది. రూటరు మన ఫోనుతో మాట్లాడేటప్పుడు ఆ చుట్టుపక్కల ఉన్న ప్రతి వైఫై చిప్పుకూ ఆ మాట చేరుతుంది. తనది కాదని తెలిసి వదిలేయడం వాటి మర్యాద. ‘మానిటర్ మోడ్’లో పెడితే ఆ మర్యాద ఉండదు, అందిన ప్రతి ప్యాకెట్టునూ రాసుకుంటాయి. దీనికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు, కొన్ని మామూలు యూఎస్‌బీ అడాప్టర్లకే ఆ వీలుంది.

వినడం ఒక ఎత్తయితే, మన కనెక్షన్ మీద ఇంకొకరు మాట్లాడడం మరో ఎత్తు. భారతదేశానికి ఈ సంగతి 2008లో తెలిసొచ్చింది. ఆ ఏడాది జూలై 26న అహ్మదాబాద్‌లో వరస పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు టీవీ చానళ్లకు చేరిన ఈమెయిల్ జాడ తీస్తే నవీ ముంబైలో ఒక అమెరికన్ ఇంటి వైఫై దగ్గర తేలింది. ఆ నెట్‌వర్క్‌కు తాళం లేదు. మెయిలు పంపినవాడు వేరు, పోలీసులు తట్టింది మాత్రం ఆ అమెరికన్ తలుపు. సెప్టెంబరులో ఢిల్లీ పేలుళ్లప్పుడు కూడా మెయిలు ముంబైలో మరొకరి వైఫై మీదుగా వచ్చింది. 2009 ఫిబ్రవరిలో టెలికాం శాఖ వైఫై భద్రత గురించి ఇంటర్నెట్ కంపెనీలకు ఆదేశాలిచ్చింది.

వెప్: ఒకే వరసను మళ్లీ వాడిన తప్పు

ఐ ట్రిపుల్ ఈ సంస్థ 1997లో ప్రకటించిన 802.11 ప్రమాణంలోనే మొదటి ఎన్‌క్రిప్షన్ పద్ధతి ఉంది. దాని పేరు ‘వైర్డ్ ఈక్వివలెంట్ ప్రైవసీ’, పొట్టిగా వెప్. వైరులో ఉన్నంత గోప్యత గాలిలోనూ ఇస్తామన్న మాట ఆ పేరులోనే ఉంది. అప్పటి అమెరికా ఎగుమతి నిబంధనలు బలమైన గూఢలిపులను దేశం దాటనిచ్చేవి కావు కాబట్టి తాళంచెవి 40 బిట్లకే పరిమితమైంది. తర్వాత 104 బిట్లది వచ్చింది. ఆ రోజుల్లో రూటరు పెట్టుకున్నవాళ్లకు పది అంకెలో, ఇరవై ఆరు అంకెలో ఉన్న హెక్సాడెసిమల్ తాళంచెవిని ప్రతి కంప్యూటర్లోనూ తప్పు లేకుండా కొట్టడం గుర్తుండే ఉంటుంది. అంత కష్టపడ్డా ఫలితం దక్కలేదు.

ఎందుకు దక్కలేదో చూడాలంటే లోపలి పని కాస్త తెలియాలి. వెప్ వాడిన గూఢలిపి ఆర్‌సీ4, రాన్ రివెస్ట్ 1987లో తయారుచేసింది. తాళంచెవిని దానికిస్తే చూడడానికి ఏ క్రమమూ లేనట్టుండే బిట్ల వరస ఒకటి పుట్టిస్తుంది. మన సమాచారాన్ని ఆ వరసతో బిట్టుకు బిట్టు ‘ఎక్సార్’ (రెండు బిట్లూ ఒకటే అయితే 0, వేరైతే 1) చేస్తే గూఢ సందేశం. అవతల అదే వరసతో మళ్లీ చేస్తే అసలు సందేశం. లెక్క చాలా సులువు, వేగంగా నడుస్తుంది. కాకపోతే ఒక్క నియమం ఉంది: ఒకసారి వాడిన వరసను మళ్లీ వాడకూడదు. వాడితే, పట్టుకున్న రెండు గూఢ సందేశాలను ఒకదానితో ఒకటి ఎక్సార్ చేసినప్పుడు ఆ వరస కొట్టుకుపోయి, రెండు అసలు సందేశాల కలయిక మాత్రమే మిగులుతుంది. వాటిలో ఒకటి తెలిస్తే రెండోది దానంతటదే బయటపడుతుంది.

ఇంట్లో అందరి తాళంచెవీ ఒకటే అయినప్పుడు వరస ప్రతి ప్యాకెట్టుకూ ఎలా మారాలి? వెప్ దానికి తాళంచెవి ముందు 24 బిట్ల అంకె ఒకటి తగిలించింది. 24 బిట్లంటే 1,67,77,216 అంకెలు. కోటీ అరవై ఏడు లక్షలంటే తరగనివేమో అనిపిస్తుంది గానీ రద్దీగా ఉన్న రూటరు వాటిని కొన్ని గంటల్లో ఖర్చుపెట్టేస్తుంది. అంకెలను ఎడాపెడా ఎంచుకుంటే పరిస్థితి ఇంకా అన్యాయం, సుమారు ఐదు వేల ప్యాకెట్లకే ఏవో రెండింటికి ఒకే అంకె పడే అవకాశం సగానికి సగం. కొన్ని వైఫై కార్డులైతే ఆన్ చేసిన ప్రతిసారీ సున్నా నుంచి లెక్క మొదలుపెట్టేవి.

నికితా బొరిసోవ్, ఇయాన్ గోల్డ్‌బర్గ్, డేవిడ్ వాగ్నర్ 2001లో ఈ లోపాలను వరసగా బయటపెట్టారు. అదే ఏడాది స్కాట్ ఫ్లూరర్, ఇత్సిక్ మాంటిన్, ఆది షమీర్ ఇంకా లోతైన దెబ్బ కొట్టారు. తాళంచెవి ముందు తగిలించే అంకెల్లో కొన్ని బలహీనమైనవనీ, అవి పడ్డప్పుడు ఆర్‌సీ4 తాళంచెవి గురించి కొంచెం కొంచెంగా కక్కేస్తుందనీ చూపించారు. పైగా ప్రతి ప్యాకెట్టులోనూ మొదటి బైటు ఏమిటో అందరికీ ముందే తెలుసు. అలా వినేవాడికి ఒక ముక్క ఎప్పుడూ చేతిలోనే ఉంటుంది. 2007కల్లా జర్మనీలోని డార్మ్‌స్టాట్ పరిశోధకులు 104 బిట్ల తాళంచెవిని 40,000 ప్యాకెట్లతో సగం సార్లు, 85,000 ప్యాకెట్లతో నూటికి తొంభై ఐదు సార్లు పట్టేశారు. దానికి పట్టే సమయం నిమిషం లోపే.

ఇంత తెలిశాక కూడా వెప్ చాలాకాలం బతికింది. అమెరికాలో టీజేఎక్స్ అనే దుకాణాల సంస్థ నుంచి 4.57 కోట్ల క్రెడిట్, డెబిట్ కార్డుల వివరాలు పోయినట్టు 2007లో బయటపడింది. దొంగలు చొరబడిన దారి ఒక దుకాణంలో వెప్ మీద నడుస్తున్న వైఫై. ఇల్లయితే ఇంత నష్టం ఉండకపోవచ్చు గానీ తాళం మాత్రం ఒకటే.

డబ్ల్యూపీఏ

కొత్త ప్రమాణం రావడానికి టైం పట్టేలా ఉంది, అమ్ముడైన రూటర్లేమో లక్షల్లో ఉన్నాయి. వాటిని పారేయకుండా సాఫ్ట్‌వేర్ మార్చి నడిపించడానికి వైఫై పరికరాలకు ముద్ర వేసే సంస్థ వైఫై అలయన్స్ 2003లో తెచ్చిన అతుకే డబ్ల్యూపీఏ. ఇందులో గూఢలిపి ఆర్‌సీ4నే. దాని చుట్టూ టీకేఐపీ అనే తొడుగు వేసి ప్రతి ప్యాకెట్టుకూ తాళంచెవి మారేలా, 24 బిట్ల అంకె 48 బిట్లయ్యేలా చేశారు. అతుకు అతుకులాగే పనిచేసింది. 2008లో దాని మీద కూడా దాడులు మొదలయ్యాయి. నేటి రూటర్ల సెట్టింగుల్లో టీకేఐపీ కనిపిస్తే తీసేయడమే మంచిది. అది భద్రతకే కాదు, వేగానికీ అడ్డు. టీకేఐపీ మీద నడిచే కనెక్షన్ సెకనుకు 54 మెగాబిట్ల దగ్గరే ఆగిపోతుంది. కొత్త రూటరు కొన్నా నెట్ నత్తనడక నడుస్తోందని మొత్తుకునే కొన్ని ఇళ్లలో కారణం ఇదే.

డబ్ల్యూపీఏ2, నాలుగు మాటల పలకరింపు

2004 జూన్‌లో 802.11ఐ ప్రమాణం ఖరారైంది, సెప్టెంబరులో దాని ఆధారంగా డబ్ల్యూపీఏ2 వచ్చింది. 2006 మార్చి నుంచి వైఫై ముద్ర కావాలన్న ప్రతి పరికరానికీ ఇది తప్పనిసరి అయింది. ఇందులో ఆర్‌సీ4 స్థానంలో ఏఈఎస్ చేరింది. బెల్జియం గణితజ్ఞులు యోన్ డామెన్, విన్సెంట్ రైమెన్ తయారుచేసిన ఈ గూఢలిపిని అమెరికా ప్రమాణాల సంస్థ 1997లో మొదలుపెట్టి బహిరంగంగా నడిపిన పోటీలో 15 పద్ధతుల నుంచి ఎంపికచేసి 2001లో ప్రమాణంగా ప్రకటించింది. బ్యాంకులు, ప్రభుత్వాలు వాడేదీ ఇదే. ఇంటి వైఫైలోని 128 బిట్ల ఏఈఎస్‌ను నేరుగా బద్దలుకొట్టిన మనిషి ఇప్పటిదాకా లేడు.

మరి డబ్ల్యూపీఏ2 ఉన్న ఇళ్ల వైఫై ఎలా పోతోంది? దీనికి జవాబు ఫోను రూటరుకు తగులుకునే మొదటి క్షణంలో ఉంది. మనం పెట్టిన 8 నుంచి 63 అక్షరాల పాస్‌వర్డునూ, నెట్‌వర్క్ పేరునూ కలిపి 4,096 సార్లు తిప్పి తిప్పి కలిపితే 256 బిట్ల మూల తాళంచెవి వస్తుంది. ఇది రూటరులోనూ ఫోనులోనూ విడివిడిగా తయారవుతుంది తప్ప గాలిలోకి రాదు. ఇక పలకరింపు మొదలు. రూటరు అప్పటికప్పుడు పుట్టించిన అంకె ఒకటి పంపుతుంది. ఫోను తన అంకె ఒకటి పుట్టించుకుని, రెండు అంకెలూ మూల తాళంచెవీ కలిపి ఆ పూటకు మాత్రమే పనికొచ్చే తాళంచెవి చేసుకుంటుంది. తన అంకెను రూటరుకు పంపుతూ, పాస్‌వర్డ్ తనకు తెలుసనడానికి రుజువుగా ఒక ముద్ర కూడా వేస్తుంది. రూటరు అదే లెక్క వేసి ముద్ర సరిపోయిందా చూసుకుని, ఇల్లంతటికీ ఉమ్మడిగా వాడే తాళంచెవిని ఇచ్చి ‘ఇక మొదలుపెడదాం’ అంటుంది. ఫోను సరేనంటుంది. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది.

చక్కటి ఏర్పాటే. కానీ పక్కన వింటున్నవాడికి రెండు అంకెలూ, ముద్రా దొరికాయి. నెట్‌వర్క్ పేరు ఎలాగూ తెలుసు. ఇక అతను మన ఇంటి దగ్గర ఉండనక్కర్లేదు. తన గదికి పోయి ఒక పాస్‌వర్డ్ ఊహించి, అదే లెక్క వేసి, ముద్ర కలిసిందా లేదా చూసుకుంటాడు. కలవకపోతే ఇంకొకటి ఊహిస్తాడు. అతన్ని అడ్డుకునేవాళ్లు గానీ, ‘మూడుసార్లు తప్పు కొట్టారు’ అనేవాళ్లు గానీ లేరు. ఫోను ఎప్పుడు తగులుకుంటుందా అని కాచుకుని కూర్చోనక్కర్లేదు కూడా. రూటరు పేరుతో ‘ఫో’ అనే దొంగ ఆజ్ఞ పంపితే ఫోను తెగిపోయి మళ్లీ పలకరిస్తుంది. 2018లో ఇంకో దారి తెలిసింది, కొన్ని రూటర్ల దగ్గర ఫోను లేకుండానే ఊహలు పరీక్షించుకోవడానికి కావలసిన ముక్క దొరుకుతుంది.

ఫోన్ నంబరే పెట్టేస్తున్నా సార్

ఫైబరు కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన కుర్రాడు గోడకు పెట్టె బిగించి, తన ఫోనులో సెట్టింగులు తెరిచి అడుగుతాడు: “సార్, పాస్‌వర్డ్ ఏం పెట్టమంటారు?” మనం ఆలోచించేలోపే, “మీ ఫోన్ నంబరే పెట్టేస్తున్నా, గుర్తుంటుంది.” మనం కూడా సరే అంటాం. తెలుగు ఊళ్లలోనూ నగరాల్లోనూ ఈ సంభాషణ ఎన్ని ఇళ్లలో జరుగుతుందో లెక్క లేదు గానీ, దాని బలమెంతో లెక్క కట్టొచ్చు.

మన దేశంలో మొబైల్ నంబరుకు పది అంకెలు, మొదటిది 6 నుంచి 9 లోపు ఉంటుంది. అంటే మొత్తం 400 కోట్ల నంబర్లు. ఆటలాడుకునేవాళ్లు వాడే మంచి గ్రాఫిక్స్ కార్డు ఒక్కటి సెకనుకు పది లక్షల ఊహలను పరీక్షించగలదు. 400 కోట్లకు పట్టేది 4,000 సెకన్లు, గంటా ఏడు నిమిషాలు. అదీ ఏ నంబరో అసలు తెలియనివాడికి. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఉన్నవాడికి అంత శ్రమ కూడా ఉండదు. ఎనిమిది అంకెలేవైనా సరే 100 సెకన్లు. పిల్లవాడి పుట్టినరోజు రోజు, నెల, సంవత్సరంగా పెడితే, నూరేళ్లలో ఉన్న తేదీలన్నీ కలిపి 36,525 మాత్రమే. అవి సెకనులో ఇరవయ్యో వంతు కూడా తినవు.

మరి గుర్తుండేదీ, దొరకనిదీ ఒకటే పాస్‌వర్డ్‌లో కుదురుతాయా? కుదురుతాయి. 7,776 మాటల జాబితా ఒకటి దగ్గర పెట్టుకుని, పాచికను ఐదుసార్లు వేసి వచ్చిన వరుసకు ఎదురుగా ఉన్న మాటను తీసుకోవాలి. ఇలా నాలుగు మాటలు తీస్తే, అన్ని కలయికలూ అదే కార్డుతో పరీక్షించడానికి 116 ఏళ్లు పడుతుంది. ఐదు మాటలైతే తొమ్మిది లక్షల ఏళ్లు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన ‘గొంగళి విస్తరాకు తూనీగ బొంగరం చెరుకు’ లాంటిది ఇంట్లో పిల్లలకూ గుర్తుంటుంది, చెప్పుకుని నవ్వుకుంటారు కూడా. మాటలు పాచికే ఎంచాలి. మనమే ఎంచితే ఇష్టదైవం పేరూ ఇంటిపేరూ సినిమా పేరూ వస్తాయి, అవి దాడి చేసేవాడి జాబితాలోనూ ముందే ఉంటాయి. వ్యాసంలో అచ్చయిన ఈ ఐదు మాటలకు కూడా ఇక విలువ లేదు.

నెట్‌వర్క్ పేరుకూ ఇందులో పాత్ర ఉందని చూశాం. పెట్టెతో వచ్చిన పేరునే ఉంచేస్తే నష్టమేమిటంటే, ఎక్కువగా కనిపించే 1,000 పేర్లకు ముందుగానే లెక్కలు కట్టిన పట్టికలు చాలా ఏళ్ల కిందటే చలామణీలోకి వచ్చాయి. పేరు మారిస్తే ఆ పట్టికలు పనికిరావు. కొత్త పేరు ఫ్లాటు నంబరు మాత్రం కాకూడదు. ఎవరి ఇంటిదో వీధికి చాటిచెప్పడం ఎందుకు?

బొత్తాంతో వచ్చిన తంటా

పొడుగు పాస్‌వర్డ్ కొట్టే బాధ తప్పించడానికి 2007 ప్రాంతంలో డబ్ల్యూపీఎస్ వచ్చింది. రూటరు వెనక బొత్తాం నొక్కడం ఒక పద్ధతి, ఎనిమిదంకెల పిన్ను కొట్టడం మరొకటి. 2011 డిసెంబరులో స్టెఫాన్ ఫీబెక్ అనే ఆస్ట్రియా పరిశోధకుడు ఆ పిన్ను గుట్టు విప్పాడు. ఎనిమిదో అంకె మిగతా ఏడింటి నుంచి లెక్కకట్టి పెట్టేది, కాబట్టి మిగిలింది ఏడు. ఏడంకెలకు కోటి పిన్నులు. కానీ రూటరు మొదటి నాలుగంకెలు తప్పో ఒప్పో ముందే విడిగా చెప్పేస్తుంది. నాలుగుకు 10,000, మిగతా మూడుకు 1,000. కోటి కాస్తా 11,000కు దిగింది. కొన్ని గంటల్లో అన్నీ ప్రయత్నించొచ్చు. పిన్ను దొరికితే రూటరు తన పాస్‌వర్డును తానే అప్పగిస్తుంది, అది అరవై మూడు అక్షరాలున్నా సరే. రూటరు సెట్టింగుల్లో డబ్ల్యూపీఎస్ ఆపేసే వీలుంటే ఆపేయాలి. ఆ బొత్తాం మీద బతికే ప్రింటరు ఇంట్లో ఉన్నవాళ్లకు ఈ సలహా నచ్చదు.

మళ్లీ అదే తప్పు

2017 అక్టోబరులో బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయానికి చెందిన మాతీ వాన్‌హూఫ్ డబ్ల్యూపీఏ2 పలకరింపులో ఒక కంత కనిపెట్టాడు. దానికి క్రాక్ అని పేరు పెట్టారు. నాలుగు మాటల్లో మూడోది దారిలో పోతే రూటరు దాన్ని మళ్లీ పంపాలి, గాలిలో మాటలు పోవడం మామూలే. ఆ మూడో మాట రెండోసారి వింటే ఫోను అప్పటికే వాడుతున్న తాళంచెవిని మళ్లీ కొత్తగా బిగించుకుని, ప్యాకెట్ల లెక్కను మొదటికి తెచ్చేది. అంటే వాడేసిన వరసే మళ్లీ వాడేది. అంతకు ఇరవై ఏళ్ల ముందు వెప్ చేసిన తప్పే, మరో తలుపు నుంచి వచ్చింది. ఆండ్రాయిడ్ 6 లాంటి వాటిలో ఇంకా విడ్డూరం, అన్నీ సున్నాలున్న తాళంచెవి బిగించుకునేవి. ఇక్కడ ఏఈఎస్ తప్పేమీ లేదు, పాస్‌వర్డ్ కూడా బయటపడలేదు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో లోపం పోయింది. అప్‌డేట్లు ఆగిపోయిన ఫోన్లలో మాత్రం పోలేదు. ఇదే పరిశోధకుడు 2021లో ప్యాకెట్లను ముక్కలు చేసి అతికించే పద్ధతిలోనూ లోపాలు చూపించాడు. వాటిలో కొన్ని 1997 నుంచీ ఉన్నవే.

డబ్ల్యూపీఏ3

2018 జూన్‌లో వచ్చిన డబ్ల్యూపీఏ3 ఏఈఎస్‌ను అలాగే ఉంచి పలకరింపును మార్చింది. డాన్ హార్కిన్స్ రూపొందించిన ‘డ్రాగన్‌ఫ్లై’ పద్ధతి ఇందులో వాడుతున్నారు. రెండువైపులా పాస్‌వర్డ్ తెలుసని ఒకరికొకరు రుజువు చేసుకుంటారు గానీ, విన్నవాడికి ఇంటికెళ్లి పరీక్షించుకునే ముద్రేమీ మిగలదు. ప్రతి ఊహకూ రూటరుతో స్వయంగా మాట్లాడాల్సిందే. సెకనుకు పది లక్షలు అనే లెక్క ఇక్కడ చెల్లదు. రెండో లాభం, పాస్‌వర్డ్ ఎప్పుడో తెలిసిపోయినా అంతకుముందు పట్టి దాచుకున్న సమాచారం విప్పలేరు. డబ్ల్యూపీఏ2లో పాస్‌వర్డ్ తెలిసిన చుట్టం కూడా, మన ఫోను పలకరింపును వినగలిగితే, మన సమాచారాన్ని విప్పగలడు. ‘ఫో’ అనే దొంగ ఆజ్ఞలను కూడా డబ్ల్యూపీఏ3 ఒప్పుకోదు.

2019లో వాన్‌హూఫ్, ఎయాల్ రోనెన్ దీనిలోనూ కొన్ని సందులు చూపించారు. రూటరు లెక్క వేయడానికి తీసుకునే సమయాన్ని కొలిచి పాస్‌వర్డ్ గురించి ఆచూకీ తీయడం ఒకటి. అది సవరించారు. ఇంకోటి ఇళ్లకు ఎక్కువ సంబంధించింది: పాత పరికరాల కోసం డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ ఒకే పాస్‌వర్డుతో నడిపే మధ్యేమార్గంలో, అదే పేరుతో దొంగ డబ్ల్యూపీఏ2 రూటరు ఒకటి పెట్టి ఫోనును పాత పలకరింపులోకి దింపొచ్చు. 2020 జూలై నుంచి కొత్తగా వైఫై ముద్ర పొందే పరికరాలకు డబ్ల్యూపీఏ3 తప్పనిసరి, 6 గిగాహెర్ట్జ్ బ్యాండు మీద పాత పద్ధతులకు చోటే లేదు. అయినా చవక బల్బులు, సీసీ కెమెరాలు, పదేళ్ల నాటి టీవీ ఉన్న ఇంట్లో మధ్యేమార్గం తప్పదు. వాటిని వేరే పాస్‌వర్డుతో గెస్ట్ నెట్‌వర్క్ మీదికి తోసి, ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ అసలు నెట్‌వర్క్ మీద ఉంచుకోవడం ఉన్నంతలో మేలు.

రక్షణలా కనిపించేవి

నెట్‌వర్క్ పేరు దాచడం, ఫలానా పరికరాలనే రానివ్వమని, ప్రతి వైఫై పరికరానికీ ఉండే మ్యాక్ చిరునామాల జాబితా పెట్టడం చాలామంది చేస్తారు. దాచిన పేరును ఫోను తగులుకునేటప్పుడు తానే పైకి చెబుతుంది. మ్యాక్ చిరునామా ప్రతి ప్యాకెట్టు నుదుటి మీదా ఎన్‌క్రిప్షన్ లేకుండానే ఉంటుంది, చూసి తనకు పెట్టుకోవడం నిమిషం పని. రూటరు సెట్టింగుల పేజీకి ‘అడ్మిన్’ అనే యూజర్‌నేమ్, ‘అడ్మిన్’ అనే పాస్‌వర్డ్ వదిలేయడం వీటన్నిటికన్నా పెద్ద కంత. లోపలికొచ్చిన ఎవరైనా పై తాళాలన్నీ మార్చేయొచ్చు.

వైఫై ఎన్‌క్రిప్షన్ పని రూటరు దగ్గరే అయిపోతుందన్నది కూడా గుర్తుంచుకోవాల్సిన సంగతి. అక్కడి నుంచి బ్యాంకు సర్వరు దాకా కాపాడేది బ్రౌజరులోని హెచ్‌టీటీపీఎస్, అది వేరే ఎన్‌క్రిప్షన్.

ఐదు మాటల పాస్‌వర్డ్ పెట్టాక వచ్చే మొదటి గొడవ చుట్టాలకు దాన్ని ఒక్కో అక్షరం చెప్పడం. ఫోన్లలో వైఫై పంచుకునే క్యూఆర్ కోడు దీనికి సరిపోతుంది, అచ్చు తీసి పెట్టుకోవచ్చు. అయితే ఆ నలుపు తెలుపు గళ్లలో నెట్‌వర్క్ పేరూ పాస్‌వర్డూ ఏ ఎన్‌క్రిప్షనూ లేకుండా ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. హాల్లో కిటికీకి ఎదురుగోడ మీద కాక, అల్మరా తలుపు లోపలివైపు అంటించుకోవాలి.